నెత్తురులోని మందును తూచుట



మా మేనమామకు నడివయస్సున అపస్మారము, అనగా మూర్ఛరోగము, పట్టుకొనెను. వైద్యుడు ఫెనిటాయిను అను మందును దినమునకు 300 మిల్లిగ్రాముల చొప్పున వ్రాసియిచ్చి, కొంతకాలమైన పిమ్మట ఆయన రక్తములో ఆ మందెంత కలదో పరీక్ష చేయించెను. సాధారణముగా లీటరు రక్తరసమున 10 మొదలు 20 మిల్లిగ్రాముల వఱకు ఉండవలసిన మందు, మామయ్యకు 4 మిల్లిగ్రాములే యున్నట్లు తేలెను. వైద్యుడు మోతాదును 400కు పెంచెను. నెల తిరుగక ముందే మామయ్య తూలుచు నడువసాగెను. కనుగ్రుడ్లు నిలువక అటునిటు కదలుచుండెను. మాట ముద్దగట్టెను. ఒక దీపము రెండుగా కనిపించుచున్నదని చెప్పెను. పుట్టి బుద్ధెఱిగి కల్లు ముట్టని మనిషిని చూచి ఊరివారు త్రాగినాడని చెప్పుకొనిరి. మరల రక్తమును పరీక్షింపగా ఈమారు 31 మిల్లిగ్రాములు!

"మొదట నాలుగన్నారు, ఇప్పుడు ముప్పదియొకటి అనుచున్నారు. మోతాదు పెంచినది మూడవవంతే. ఈ లెక్క ఏ సంతలో చెల్లునోయి అల్లుడా? అసలు నెత్తురులో మందును కంట చూచినవాడెవడు?" అని ఆయన నన్ను నిలదీసెను.

నేను కొంతకాలము రక్తపరీక్షాశాలలో పనిచేసినవాడను గనుక నన్నడుగుట న్యాయమే. ఆయన మాటలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. నెత్తురులోని మందును కనుగొనుట యెట్లు? కనుగొన్న లెక్క యేమి చెప్పును? ఆనాడు మామయ్యకు అరుగుమీద కూర్చుండి చెప్పినదానినే నేడు మీకు కొంత విపులముగా మనవి చేసెదను.

ఈ విద్య విషములను పట్టుకొనుటతో ఆరంభమైనది. ఇంగ్లండులో ఒక వృద్ధుడు కాఫీ త్రాగి మరణింపగా, శంఖపాషాణము కలిపి చంపినాడని మనుమడైన జాన్ బాడిలుపై 1833లో అభియోగము వచ్చెను. వూలిచ్ ఆయుధశాలలో రసాయనజ్ఞుడైన జేమ్సు మార్షు పరీక్షచేసి, పాషాణమునకు సాక్ష్యముగా పసుపుపచ్చని మడ్డిని తీయగలిగెను. కాని జూరీవారు చూచునప్పటికి ఆ మడ్డి చెడిపోయి యుండెను. ముద్దాయి విడుదలయ్యెను. ఇది మార్షునకు మనస్సులో ముల్లయ్యెను. 1836లో ఆయన మఱియొక పద్ధతిని ప్రకటించెను. అనుమానము గల పదార్థమును యశదముతోను, అనగా తుత్తునాగముతోను, గంధకామ్లముతోను కలిపినచో హైడ్రోజను వాయువు పుట్టును. పాషాణమున్న యెడల అదియు ఆ హైడ్రోజనుతో చేరి వాయువై వెలికి వచ్చును. ఆ వాయువును వెలిగించి, మంటకు చల్లని పింగాణి పళ్లెమును అడ్డముపట్టిన, నల్లని అద్దమువంటి మచ్చ నిలుచును. ఆ మచ్చ కరగిపోవునది కాదు. జూరీవారు చేతికి తీసికొని చూడవచ్చును.

ఐతే ఇందొక చిక్కు కలదు. అంగడిలో కొన్న తుత్తునాగములోనే కొంచెము పాషాణ ముండవచ్చును. అప్పుడు నిర్దోషి కడుపులోనిదానిని పరీక్షించినను నల్లమచ్చ పడును గదా! అందుచేత పరీక్షకులు ముందుగా ఏ పదార్థమును కలుపక ఉత్త యశదముతో, ఉత్త ఆమ్లముతో పరీక్షను నడిపి, మచ్చ పడలేదని రుజువైన పిమ్మటనే అసలు పదార్థమును చేర్చుట నేర్చుకొనిరి. సరకు వేయకముందు త్రాసు ముల్లు నడుమ నిలిచినదో లేదో చూచుకొనుట వంటిది ఈ పని. నేటికిని పరీక్షాశాలలయందు ఇట్టి ఉత్తపరీక్షను చేయుచున్నారు. నాకు పని నేర్పిన పెద్దలు, దీనిని చేయని వానిని పరీక్షకుడని పిలువనొల్లకుండిరి.

పాషాణము లోహమువంటిది. దేహమంతయు కాలిపోయినను అది నశింపదు. ఆకులనుండియు వేళ్లనుండియు వచ్చు విషముల సంగతి అట్లు కాదు. ఘాటైన ఆమ్లములు పోసినచో దేహముతోపాటు ఆ విషమును నాశనమగును. 1850లో బెల్జియము దేశమున బోకార్మె యను ప్రభువు పొగాకునుండి నికోటినును తీసి, దానితో తన బావమఱదిని చంపెను. ఆచూకి దొరకకుండుటకై శవము నోట పులికాడి పోసిరి. పొగాకు ఘాటు ఎట్టిదో గుంటూరు సీమ రైతునకు నేను చెప్పనక్కఱలేదు. కాని ఆ ఘాటును శవమునుండి తీసి న్యాయాధికారి యెదుట పెట్టుట యెట్లు? ఈ పని జాన్ స్టాసు అను రసాయనజ్ఞునిపై బడెను.

స్టాసు చేసిన పనిని కొంచెము నిదానముగా చెప్పెదను, ఏలయనగా నేటి పరీక్షలకును ఇదియే పునాది. ఇట్టి విషములకు ఒక స్వభావము కలదు. ఆమ్లము, అనగా పులుపు, ఉన్నచోట అవి నీటిలో కరగి యుండును. క్షారము, అనగా చవిటి గుణముగలది, చేరినచో నీటిని విడిచి ఈథరు వంటి ద్రవములోనికి పోవును. స్టాసు అవయవములను మెత్తగా నూఱి, పులుపు చేర్చిన ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ఆ తేటను ఇగిర్చెను. మిగిలినదానిని నీటితో కలిపి, క్షారమును చేర్చి, ఈథరు పోసి కుదిపెను. ఈథరు నీటికన్న తేలిక. కుదిపి నిలువబెట్టగా అది పైకి తేలును. విషమును తనతో పైకి తెచ్చును. చల్ల చిలికి వెన్న తీయు ఇల్లాలికి ఈ సంగతి వింత కాదు. పైనున్న ఈథరును తీసి గాలికి ఆఱబెట్టగా పొగాకు కంపుగల నూనెబొట్లు మిగిలెను. 1851లో బోకార్మెకు మరణదండన అమలుజరిగెను. నేటి యంత్రములు ఎంత గొప్పవైనను, అనేక పరీక్షలయందు రక్తమును యంత్రములో పెట్టక ముందు స్టాసు చేసిన చిలుకుడే చిన్న గాజుగొట్టములో జరుగుచున్నది.

విషమున్నదా లేదా యనునది న్యాయస్థానమునకు చాలును. వైద్యునకు చాలదు. ఎంత యున్నదో కావలెను. ఇచట రంగు ఉపకరించెను. ఈ సందర్భమున మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనక తప్పదు. ఆయన అమెరికాలో బోస్టను నగరమునందలి హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి, రక్తములోను మూత్రములోను భాస్వరమును, అనగా ఫాస్ఫరసును, కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. భాస్వరము మందు కాదు, దేహమునకు సహజమైనదే. ఐనను మందులను కొలువవచ్చినవారు నడచిన బాట ఇదియే కావున వినుడు.

ముందుగా రక్తములోని మాంసకృత్తులను తొలగింపవలెను. పాలలో నిమ్మరసము పిండిన పాలు విఱిగి తేట వేఱగును గదా! అట్లే ఒక ఆమ్లమును చేర్చినచో రక్తములోని మాంసకృత్తులు విఱిగి అడుగునకు చేరును, తేట చేతికి వచ్చును. ఆ తేటలో మాలిబ్డినము అను లోహపు లవణమును చేర్చి, తగిన మఱియొక మందును కలిపినచో నీలివర్ణము పుట్టును. భాస్వరమెంత యున్న నీలి అంత చిక్కన. ఇఁక దాని కొలత. తెలిసిన తూకముగల భాస్వరముతో అట్లే నీలిరంగును సిద్ధపఱతురు. రెండు గాజుపాత్రలలో రెండింటిని పోసి పైనుండి తొంగిచూతురు. రెండును ఒక్కతీరుగా కనబడువఱకు చూచు లోతును మార్తురు. తెలిసినది 20 మిల్లిమీటర్ల లోతునను, రోగిది 10 మిల్లిమీటర్ల లోతునను ఒకే చిక్కదనముతో కనిపించినచో, రోగిదానిలో రెట్టింపు భాస్వరమున్నదన్నమాట. కన్నే త్రాసు, రంగే తూనికరాయి. ఈ పద్ధతి ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేరుతోనే ప్రపంచమంతట వాడబడినది.

మందులలో మొదట ఇట్టి అదృష్టము కలిగినది సల్ఫామందులకు. బాల్టిమోరు నగరమున బ్రాటను, మార్షలు అను ఇరువురు 1939లో రక్తములోని సల్ఫనిలమైడును ఎఱుపు కలిసిన ఊదారంగుగా మార్చి కొలుచు పద్ధతిని స్థిరపఱచిరి. అంతవఱకు వైద్యుడు మందిచ్చి రోగి ముఖము చూచి ఊహించువాడు. ఇప్పుడు నెత్తురును చూచి, మందు చాలినదో లేదో తెలిసికొనసాగెను.

అటుపిమ్మట యుద్ధము వచ్చెను. 1942లో జావా ద్వీపము జపానువారి వశమగుటతో క్వినైను చెట్లు మిత్రరాజ్యములకు దూరమయ్యెను. చలిజ్వరమునకు క్వినైనుకు బదులు మెపాక్రిను అను పసుపుపచ్చని మందును సైనికులకు ఇయ్యసాగిరి. ఎంత ఇయ్యవలెనో మాత్రము ఎవరికిని సరిగా తెలియదు. తక్కువ యిచ్చిన జ్వరము, ఎక్కువ యిచ్చిన వాంతులు. న్యూయార్కులోని గోల్డువాటరు ఆసుపత్రిలో షానను అను వైద్యుని ఆధ్వర్యమున బ్రోడీ, యూడెన్‌ఫ్రెండు అనువారు 1943లో రక్తరసములోని ఈ మందును దాని వెలుగువలన కొలిచిరి. కొన్ని పదార్థములపై కంటికి కనబడని నీలలోహితాతీత కిరణములు పడినచో అవి వెలుగును. క్వినైను నీళ్లు ఎండలో నీలిగా మెఱయుట మీలో కొందఱు చూచియే యుందురు. వెలుగు ఎంత ప్రకాశించునో మందు అంత.

వారు కొలిచి చూడగా తేలినదేమనగా, మ్రింగిన మందులో రక్తరసమున నిలిచినది బహుస్వల్పము. కాలేయము మొదలగు అవయవములు దానిని పీల్చుకొని తమలో దాచుకొనుచున్నవి. దుక్కి యెండిన మడికి మొదటి తడి పెట్టునపుడు నీరెంత పోసినను ఇంకిపోవును. దమ్ము తడిసిన పిమ్మట చిన్న కాలువ చాలును. మెపాక్రినును అట్లే మొదటి దినములలో పెద్దమోతాదుగా ఇచ్చి, పిదప దినదినమును కొంచెముగా ఇచ్చినచో జ్వరము ఆగును, వాంతులును తగ్గునని తెలిసెను. రక్తమును కొలువకున్న ఈ రహస్యము తెలియుట దుర్లభము.

మ్రింగిన లెక్క వేఱు, నెత్తురులోని లెక్క వేఱు. ఇద్దఱు మనుష్యులకు ఒకే మాత్ర నిచ్చినను ఇద్దఱి రక్తములలోను ఒకే పరిమాణ ముండదు. దీనికి మనకు సమీపముననే సాక్ష్యము కలదు. క్షయరోగమునకు ఐసోనియాజిడు అను మందు కలదు. కొందఱి కాలేయము దానిని వేగముగా మార్చివేయును, కొందఱిది నెమ్మదిగా మార్చును. ఇది తల్లిదండ్రులనుండి వచ్చు గుణము. మద్రాసులో 1956లో స్థాపించిన క్షయ చికిత్సా కేంద్రమువారు వారమున కొక్కసారి మాత్రమే మందిచ్చు పద్ధతిని పరిశీలించినపుడు, వేగముగా మార్చివేయువారికి ఫలితము తక్కువగా కనబడెను. ఆ కేంద్రమువారే, రోగులు ఇంటివద్ద మందును నిజముగా మ్రింగుచున్నారో లేదో తెలిసికొనుటకు మూత్రమును పరీక్షించుచుండిరి. రోగి "వేసికొనుచున్నానండి" అని చెప్పినంతమాత్రమున వారు లెక్క వ్రాసికొనలేదు. ఈ సంగతిని మరల ఎత్తవలసి వచ్చును.

ఇఁక మామయ్య మ్రింగిన ఫెనిటాయిను విషయము. అపస్మారమునకు దీని గుణము 1938లో వెల్లడియైనది. 1968, 69 సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున ఈ మందు వేసికొను అనేకులకు ఒక్కమాఱుగా తూలుడు, మత్తు కలుగసాగెను. ఎవరును మోతాదు మార్చలేదు. ఏండ్ల తరబడి మ్రింగిన మాత్రయే. రక్తమును పరీక్షింపగా మందు మితిమీఱి యుండెను. విచారింపగా తేలినదేమి? గొట్టపుమాత్రలో మందుతోపాటు కూరుటకై వాడు పొడిని మార్చిరి. అంతకుముందు కాల్సియము సల్ఫేటు, అనగా జిప్సము వంటిది, ఉండెను. దానికి బదులు పాలచక్కెరను వాడిరి. పాత పొడి మందును కొంత కడుపులోనే బంధించి రక్తములోనికి పోనీయకుండెడిది. పాలచక్కెర అట్లు బంధింపలేదు. ఊరక నింపుటకు వాడిన పొడియే ఊరిమీద ఇంత పని చేసినది! రక్తపరీక్ష లేకున్న ఆ రోగులలో ఎందఱి తూలుడును రోగము ముదురుటగా భావించి మందును ఇంకను పెంచియుందురో!

ఈ ఫెనిటాయినునకు మఱియొక దుర్గుణము కలదు. వడ్ల మర దినమునకు నూఱు బస్తాలు ఆడగలదనుకొందము. ఎనుబది వచ్చిన ఆడును, తొంబది వచ్చిన ఆడును. నూటపది వచ్చిన, దినమునకు పది చొప్పున ముంగిట పేరుకొనును. కాలేయము ఈ మందును మార్చుటలో సరిగా అట్టి మర. దాని శక్తి నిండువఱకు మోతాదుతో రక్తములోని మందు మెల్లగా పెరుగును. నిండిన పిమ్మట మోతాదు మూడవవంతు పెంచినను రక్తములోనిది రెండింతలో మూడింతలో కావచ్చును. మామయ్య "ఏ సంతలో చెల్లును" అన్న లెక్కలో సగము ఇచటనే తీఱినది. మిగిలిన సగము ఆయన నోటనే దాగియుండెను.

అంతకుముందు, అతిస్వల్పమైన మందులను కొలుచుట చెప్పవలెను. గుండెజబ్బునకు వాడు డిగాక్సిను లీటరు రక్తరసమున ఒక మిల్లిగ్రాములో వేయవవంతు పాటి యుండును. ఊహకు అందుటకై ఇట్లు చెప్పెదను. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు నీరుగల దిగుడుబావిలో ఒక్క గ్రాము మందు, తులములో పదునొకండవవంతు పాటిది, కలిపినట్లు. దానికి రెట్టింపైన విషము కావచ్చును. సగమునకు బాగుగా తగ్గిన గుణమీయకపోవచ్చును. దీనిని ఏ రంగును చూపలేదు.

న్యూయార్కులో రోజాలిన్ యాలో, సాల్మన్ బెర్సను అను ఇరువురు ఇన్సులిను కొఱకు కల్పించిన ఉపాయము ఇచట అక్కఱకు వచ్చెను. పడవలో నూఱుమందికే చోటున్నదనుకొనుడు. రేవులో నుదుట బొట్టుపెట్టిన నూఱుమందిని మనమే నిలిపితిమి. బొట్టులేనివారు ఎందఱు వచ్చినారో మనకు తెలియదు. అందఱును ఒక్కమాఱుగా ఎక్కినారు. ఆవలిగట్టున దిగినవారిలో బొట్టుగలవారు ఏబదిమందియే యున్నచో, బొట్టులేనివారును సుమారు నూఱుమంది వచ్చియుందురని చెప్పవచ్చును. ఇచట పడవ యనగా ఆ మందునే పట్టుకొను ప్రతిరక్షక మాంసకృత్తు. బొట్టు యనగా కిరణములను వెలువరించు గుఱుతు. బొట్టులేనివారు రోగి నెత్తురులోని మందు. 1960 ప్రాంతమున ఇన్సులినునకు స్థిరపడిన ఈ పద్ధతిని 1969లో బోస్టను వైద్యులు డిగాక్సినునకు వర్తింపజేసిరి. బెర్సను 1972లో మరణించుటచేత 1977లో నోబెలు బహుమానము యాలోగారికి మాత్రమే దక్కెను. నేడు కిరణముల గుఱుతుకు బదులు రంగునో వెలుగునో ఇచ్చు గుఱుతులను ఎక్కువగా వాడుచున్నారు.

ఇందును లోపము లేకపోలేదు. మందును పోలిన మఱియొక పదార్థము రక్తమున నున్న, అదియు పడవ యెక్కి కూర్చుండును. అపుడు లేని మందు ఉన్నట్లు కనిపించును. కావున పోలికగలవారిని విడదీయవలెను. పిల్లలు సిరాచుక్కను అద్దుడుకాగితముపై వేసి నీటిలో అంచు ముంచి ఆడుకొందురు. నల్లసిరా పైకి ప్రాకుచు నీలిగా, ఎఱ్ఱగా, పచ్చగా విడిపోవును. రష్యావాడైన మిఖాయిల్ త్స్వెట్టు అను వృక్షశాస్త్రజ్ఞుడు వార్సా నగరమున 1903లోనే ఇట్టిదానిని గూర్చి ఉపన్యసించెను. సుద్దపొడి కూరిన గాజుగొట్టములో ఆకుపసరు పోసి, పైనుండి తగిన ద్రవమును జాఱవిడిచి, పచ్చనిది, పసుపుపచ్చనిది వేర్వేఱు పట్టీలుగా దిగుట చూపెను. నేటి యంత్రములో గొట్టము సన్నము, పొడి అతిసూక్ష్మము, ద్రవమును తోయు ఒత్తిడి బహుహెచ్చు. రక్తములోని పదార్థములు ఒకదాని వెనుక నొకటిగా గొట్టమునుండి వెలువడును. వెలువడిన అణువులకు విద్యుత్తునంటించి, ఎగురవేసి, వాని బరువును బట్టి వేఱుచేయు మఱియొక యంత్రము దానికి చేర్చియుండును. వెలువడిన వేళ సరిపోవలెను, బరువు సరిపోవలెను, విఱిచిన ముక్కల బరువును సరిపోవలెను. మూడును సరిపోయిన తరువాతనే ఇది ఫలానా మందని పలుకుదురు.

ఇంత చేయుటలో చిలుకునపుడు కొంత మందు గొట్టమునకంటి పోదా యని మీరడుగవచ్చును. పోవును. దానికొక చక్కని ఉపాయము కలదు. కొండకు తోలిన మందలో గొఱ్ఱెలు ఎన్ని యున్నవో తెలియదనుకొనుడు. మన ముద్రవేసిన నూఱు గొఱ్ఱెలను అందులో కలిపితిమి. దారిలో కొన్ని తప్పిపోయినవి. దొడ్డికి చేరినవానిలో ముద్రగలవి నలుబది, ముద్రలేనివి ఎనుబది. తప్పిపోవుటలో భేదము లేదు గనుక, మొదట ముద్రలేనివి రెండువందలు ఉండెనని చెప్పవచ్చును. అట్లే ఆ మందునే బరువైన హైడ్రోజనుతో తయారుచేసి, తెలిసిన తూకములో రక్తమునందు మొదటనే కలుపుదురు. అన్నిట అసలుమందు వలెనే నడచును, బరువులో మాత్రము భేదము. ఎంత నష్టమైనను నిష్పత్తి చెడదు. నేను నేర్చిన ఉపాయములలో నాకు అన్నిటికన్న నచ్చినది ఇదియే.

సుబ్బారావుగారి విషయము ఇంకొక మాట చెప్పవలసి యున్నది. ఆయన తరువాత లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడపెను. అచట పుట్టిన అమినోప్టెరినును రక్తపు కాన్సరుగల పిల్లలకు ఇచ్చి ఫలితము చూచిన వార్తను 1948లో ఫార్బరు ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరముననే స్వర్గస్థులైరి. దానికి తోబుట్టువు మెథోట్రెక్సేటు. కొన్ని కాన్సర్లలో ఈ మందును ప్రాణాంతకమగునంత పెద్దమోతాదులో ఎక్కించి, పిదప విఱుగుడుగా లూకోవోరినును ఇత్తురు. విఱుగుడును ఎప్పటివఱకు ఇయ్యవలెను? 24, 48, 72 గంటలకు నెత్తురు తీసి కొలిచి, మెథోట్రెక్సేటు తగినంత దిగిన తరువాతనే ఆపుదురు. ఆ కొలత ఆలస్యమైన మూత్రపిండములకును ప్రాణమునకును ముప్పు. నెత్తురులో కొలుచు విద్యకు బాట వేసినవాని పరిశోధనాలయమునుండి వచ్చిన మందు, ఆ విద్య లేనిదే అంత మోతాదులో ఇయ్యరానిదైనది.

ఇఁక మా మామయ్య నోట దాగిన సగము. ఇదంతయు విని ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా చెప్పెను. మొదటి పరీక్షకు ముందు కూతురి పెండ్లి శుభలేఖలు పంచుటకై పండ్రెండు దినములు ఊళ్లు తిరిగెనట. మందు ఇంటివద్దనే మఱచెనట. తిరిగివచ్చి రెండు దినములు వేసికొని పరీక్షకు పోయెనట. వైద్యుడు "ప్రతిదినమును వేసికొనుచున్నారా?" అని యడుగగా, పదిమంది యెదుట తప్పొప్పుకొనుటకు సిగ్గుపడి "ఒక్కపూటయు తప్పలేదు" అని చెప్పెనట. పరీక్షాశాల చెప్పిన 4 నిజమే. దానిని చూచి పెంచిన మోతాదును మాత్రము భయముచేత ఆయన ఒక్కపూటయు తప్పక మ్రింగెను. మర నిండినది, బస్తాలు పేరుకొన్నవి. వైద్యునితో నిజము చెప్పిన పిమ్మట కొన్ని దినములు మందునాపి, మరల 300 మిల్లిగ్రాములే ఇచ్చిరి. తరువాతి పరీక్షలో 13 వచ్చెను. మూర్ఛయు రాలేదు.

మీ ఇంటిలో ఇట్టి పరీక్ష చేయవలసి వచ్చిన వేళ, సూదిపెట్టువారు "మందు ఎన్ని గంటలకు వేసికొన్నారు?" అని అడుగుదురు. విసుగుకొనవలదు. మందు మ్రింగిన రెండుగంటలకు ఒక లెక్క, మరునాటి మాత్రకు ముందు మఱియొక లెక్క వచ్చును. పెక్కు మందులకు తరువాతి మాత్ర వేసికొనుటకు కొంచెము ముందు తీసిన నెత్తురే పోల్చుటకు తగినది. సెలైను ద్వారా మందు ఎక్కుచున్న చేతినుండి తీసిన నెత్తురు ఆ మందుతోనే నిండియుండును గనుక రెండవచేతిని చాపవలెను. వేఱే వైద్యుడిచ్చిన మందులను, నాటుమందులను కూడ దాచక చెప్పవలెను. అవి కాలేయపు మరను వేగపఱుపవచ్చును, ఆపవచ్చును. చాల నీరసించి, తిండిలేక చిక్కినవారి రక్తమున మాంసకృత్తులు తక్కువగుటచే ఫెనిటాయిను మొత్తపు లెక్క తక్కువగా కనిపించినను పనిచేయు భాగము చాలినంతయే యుండవచ్చును. ఇది వైద్యుడు గమనింపవలసినది. మీరు చిక్కిన సంగతి చెప్పుట మాత్రము మీ వంతు.

"నెత్తురుకు గడియారముతో పనేమి?" అని మొదట నవ్విన మామయ్య ఇప్పుడు గంటల పంచాంగము అంచున ప్రతి మాత్రకును ఒక గీటు, పక్కన గంట వ్రాయుచున్నారు. తప్పినపూట సున్న చుట్టుచున్నారు. పరీక్షకు పోవునపుడు చేయి చాపుటకు ముందు ఆ పంచాంగమును తెఱచి బల్లమీద పెట్టుదురు.